ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోవట్లేదా? మోటారు విప్పే ముందు వరుసగా చూడాల్సినవి

"తాళం తిప్పితే టక్ మంటోంది, ఇంజను తిరగట్లేదు. కొత్త సెల్ఫ్ మోటారు వేయించమంటారా?" ఈ ప్రశ్న ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. దమ్ములు మొదలయ్యే రోజుల్లో మరీ ఎక్కువ. నా జవాబు ఎప్పుడూ ఒకటే. మోటారు విప్పడం చివరి పని. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, కరెంటు వెళ్ళే దారి వెంటే నడుచుకుంటూ మోటారు దాకా రండి. తప్పు చాలాసార్లు దారిలోనే దొరుకుతుంది.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక ఏడాది దసరా ముందు మా ట్రాక్టరుకు రంగు వేయించాం. వారం తిరక్కుండానే సెల్ఫ్ నీరసపడింది. చూపించిన చోట మోటారు పోయిందన్నారు, కొత్తది వేయించాం. రెండు రోజులు బాగుంది, మళ్ళీ అదే తంతు. చివరికి చూస్తే ఎర్త్ వైరు బోల్టు కింద రంగు పొర ఉంది. బోల్టు విప్పి, రంగు గీకి, మళ్ళీ బిగిస్తే ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. పాత మోటారులో ఏ లోపమూ లేదు.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల డీజిల్ ట్రాక్టరుకు. కారు, ఆటో ట్రాలీ, జనరేటరు, హార్వెస్టరు దేనికైనా వరుస ఇదే. 24 వోల్టుల బండ్లకు మాత్రం వోల్టేజీ అంకెలు వేరు.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటరు. చవకది చాలు, డీసీ వోల్టులు చూపిస్తే సరిపోతుంది.
- బ్యాటరీ టెర్మినళ్ళకు, సెల్ఫ్ బోల్టులకు సరిపోయే పానాలు
- వైరు బ్రష్, సాండ్ పేపరు
- వంటసోడా కలిపిన నీళ్ళు, పాత గుడ్డ, వాసెలిన్
- బ్యాటరీలో నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరు, హైడ్రోమీటరు (బ్యాటరీలో యాసిడ్ చిక్కదనం కొలిచేది)
- తాళం తిప్పడానికి ఇంకో మనిషి

ఆ రెండో మనిషి తప్పనిసరి. సీటు మీద ఒకరు, మీటరు పట్టుకుని ఒకరు ఉంటేనే ఈ పరీక్షలు కుదురుతాయి.

2. చెయ్యి పెట్టే ముందు

ఈ భాగాన్ని దాటేసి కిందికి వెళ్ళకండి.

సెల్ఫ్ పనిచేయకపోతే చాలామంది పెద్ద చక్రం పక్కన నిలబడి, సోలనాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) బోల్టుల మీద స్క్రూడ్రైవర్ పెట్టి షార్ట్ చేస్తారు. బండి గేరులో ఉంటే ఇంజను అందుకున్న క్షణంలోనే ముందుకు దూకుతుంది. ఆ చక్రం ముందు నిలబడి ఉన్నది మీరే. న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్ ఉన్నది ఈ ప్రమాదాన్ని ఆపడానికే. షార్ట్ చేస్తే ఆ రెండూ ఉండి కూడా లేనట్టే. ఇలా ట్రాక్టరు కింద పడి ప్రాణాలు పోయిన సంగతులు పల్లెల్లో కొత్త కాదు. ఎంత అనుభవం ఉన్నా ఆ పని చేయకండి.

- మెయిన్ గేరు, హై-లో లివరు, పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్ట్) మూడూ న్యూట్రల్‌లో ఉన్నాయా?
- హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల ముందూ వెనకా రాళ్ళు పెట్టారా?
- స్టాపర్ లాగి ఉంచారా? లాగి ఉంటే డీజిల్ అందదు, సెల్ఫ్ తిరిగినా ఇంజను స్టార్ట్ కాదు. తాళంతోనే ఆగే బండి అయితే ఇంధనం ఆపే సోలనాయిడ్ వైరు తీసి ఉంచండి.
- చేతికి గడియారం, ఉంగరం, కడియం లేకుండా చూసుకున్నారా? స్పానరుకూ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుంది.
- బీడీ, సిగరెట్ దూరంగా ఉన్నాయా? ఛార్జింగ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది.

వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్. బిగించేటప్పుడు చివర నెగటివ్.

3. శబ్దం వినండి, లైటు చూడండి

హెడ్‌లైట్లు వేసి, తాళం తిప్పమనండి. ఏం వినిపించిందో, లైట్లు ఏమయ్యాయో రెండూ కలిపి గమనించండి. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

- శబ్దం లేదు, లైట్లు మామూలుగానే ఉన్నాయి: తాళం నుంచి సోలనాయిడ్‌కు వచ్చే సన్న వైరు దారిలో తెగింది. 6వ భాగం చూడండి.
- శబ్దం లేదు, లైట్లూ వెలగవు: బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా టెర్మినల్ ఊడింది. 4, 5 భాగాలు.
- టకటకటక మని వరసగా కొట్టుకుంటోంది: బ్యాటరీ బలహీనం, లేదా లావు వైర్లలో లూజు. 4, 5.
- ఒక్కసారి టక్ మంటుంది, లైట్లు తగ్గవు: సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయి. 7.
- ఒక్కసారి టక్ మంటుంది, లైట్లు బాగా డల్ అవుతాయి: మోటారు పట్టేసింది, ఇంజను బిగుసుకుంది, లేదా బ్యాటరీ దిగింది. 4, 9.
- గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం కదలదు: బెండిక్స్ (మోటారు తిరుగుడును ఇంజనుకు అందించే పళ్ళ భాగం) లోపలి క్లచ్ జారుతోంది. 8.
- గరగరమని పళ్ళు నూరుతున్న శబ్దం: పినియన్ (మోటారు కొసన ఉండే చిన్న పళ్ళచక్రం) లేదా అది పట్టుకునే ఇంజను ఫ్లైవీల్ రింగు పళ్ళు అరిగాయి. 8.
- ఇంజను జోరుగా తిరుగుతోంది, స్టార్ట్ కాదు: సెల్ఫ్ తప్పు కాదు. డీజిల్, ఫిల్టరు, లైన్లో గాలి చూసుకోండి.

4. బ్యాటరీ

బండి ఆపి కనీసం ఒక గంట అయ్యాక, రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపి, అప్పుడు మీటరు పెట్టండి. ఛార్జింగ్ నుంచి అప్పుడే తీసిన బ్యాటరీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 దగ్గరికి వస్తే ముందు ఛార్జింగ్ పెట్టండి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. పదిన్నర దగ్గర ఆగిపోయి ఎంత ఛార్జి చేసినా పైకి రాకపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే.

కానీ ఊరకే ఉన్నప్పటి వోల్టేజీని నమ్మి కూర్చోకండి. స్టాపర్ లాగి, తాళం తిప్పిస్తూ, బ్యాటరీ రెండు పోల్స్ మీదా మీటరు పెట్టండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోతే దానిలో బలం లేదు, లేదంటే మోటారు మితిమీరి లాగుతోంది. తేల్చుకోవాలంటే మంచి బ్యాటరీ ఇంకోటి పెట్టి చూడండి.

హైడ్రోమీటరు ఉంటే ప్రతి సెల్లూ చూడండి. నిండా ఛార్జి అయిన బ్యాటరీలో 1.240 నుంచి 1.260 మధ్య ఉంటుంది. ఒక సెల్లు మిగతావాటి కంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీని మార్చక తప్పదు. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళూ వద్దు, యాసిడ్ కూడా వద్దు. ఆవిరయ్యేది నీరే.

కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజులకే దిగిపోతుంటే ఛార్జింగ్ చూడండి. ఇంజను కొంచెం రేజులో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి.

5. లావు వైర్లు, ఎర్త్: ఎక్కువ తప్పులు ఉండేది ఇక్కడే

ట్రాక్టరు సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది. 300 ఆంపియర్లు పారే దారిలో ఒక ఓంలో నూరో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే మిగిలిపోతాయి. మోటారుకు అందేది తొమ్మిదే. పన్నెండు వోల్టుల టెస్ట్ బల్బు మాత్రం అదే వైరు మీద చక్కగా వెలుగుతుంది, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. "బల్బు వెలుగుతోంది కాబట్టి వైరు బాగుంది" అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు.

కాబట్టి కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. మీటరు 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, స్టాపర్ లాగి, సెల్ఫ్ కొట్టిస్తూ చూడండి.

పాజిటివ్ వైపు: ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోల్ మీద, నల్లది సోలనాయిడ్ దగ్గర బ్యాటరీ వైరు బిగించిన బోల్టు మీద. ప్రోబ్ పోల్ మీదే ఆనించాలి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. క్లాంపుకూ పోల్‌కూ మధ్యే లోపం ఉండొచ్చు. 0.5 వోల్టు దాటకూడదు.

ఎర్త్ వైపు: ఎర్ర ప్రోబ్ సెల్ఫ్ మోటారు బాడీ మీద రంగు లేని చోట, నల్లది బ్యాటరీ నెగటివ్ పోల్ మీద. ఇక్కడా 0.5 దాటకూడదు. 0.2, 0.3 ఉంటే చాలా బాగున్నట్టు.

ఎక్కువ వచ్చిందా? ఒక్కో జాయింటుకు అటూ ఇటూ ప్రోబ్‌లు పెట్టి మళ్ళీ కొట్టించండి. వోల్టేజీ ఎక్కడ మిగులుతోందో తప్పు అక్కడే ఉంది. సెల్ఫ్ కొట్టి ఆపగానే జాయింట్లను చేత్తో తాకి చూడండి. వేడెక్కింది ఏదైతే దోషి అదే.

బాగుచేయడం ఇలా:

- టెర్మినళ్ళు విప్పి, చిలుము మీద వంటసోడా నీళ్ళు పోసి కడగండి. బ్యాటరీ మూతల్లోంచి ఆ నీళ్ళు లోపలికి పోకుండా చూసుకోండి.
- పోల్, క్లాంపు లోపలి వైపు సీసం మెరిసేదాకా వైరు బ్రష్‌తో రుద్ది, బిగించండి. ఆ తర్వాతే పైన వాసెలిన్.
- ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద ఛాసిస్ మీద రంగు, తుప్పు, బురద గీకి, ఇనుము కనపడ్డాక బిగించండి.
- వైరు చివర లగ్గు (బోల్టుకు తగిలించే కొస) దగ్గర తొడుగు ఉబ్బి, లోపల పచ్చటి పొడి ఉంటే ఆ వైరు పనికిరాదు. కోసి కొత్త లగ్గు వేయించండి, లేదా వైరే మార్చండి.

వైరు కొనేటప్పుడు పైతొడుగు లావు చూసి మోసపోకండి. లోపల రాగి ఎంత ఉందన్నదే లెక్క. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు కూడా అమ్ముతున్నారు. ఒక తీగను గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.

పాత ట్రాక్టరు ఉన్నవాళ్ళందరికీ నేను తప్పకుండా చెప్పేది ఒకటుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి సెల్ఫ్ మోటారు బిగించే బోల్టుకే నేరుగా ఇంకో లావు ఎర్త్ వైరు వేసుకోండి. ఖర్చు కొద్దిగానే, తుప్పు పట్టిన ఛాసిస్ జాయింట్లతో ఇక పేచీ ఉండదు.

6. సన్న వైరు: తాళం నుంచి సోలనాయిడ్ దాకా

సోలనాయిడ్ మీద సన్న వైరు వచ్చే చిన్న టెర్మినల్ ఉంటుంది. అక్కడ ఎర్ర ప్రోబ్, మోటారు బాడీ మీద నల్లది పెట్టి తాళం తిప్పించండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. వస్తోందంటే సన్న వైరు బాగుంది, తర్వాతి భాగానికి వెళ్ళండి.

రాకపోతే వెనక్కి వెతకండి: ఫ్యూజు, తాళం స్విచ్ వెనక ఊడిన వైరు, న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్, ఉంటే స్టార్టర్ రిలే. క్లచ్ పూర్తిగా తొక్కి ఒకసారి, గేరు లివరు న్యూట్రల్‌లో అటూ ఇటూ ఆడించి ఒకసారి ప్రయత్నించండి. అప్పుడు అందుకుంటే స్విచ్ సర్దుబాటు తప్పింది. దాన్ని సర్దించండి లేదా మార్పించండి, డైరెక్ట్ చేయించవద్దు.

షెడ్డులో ధాన్యం బస్తాల పక్కన నిలిపే బండి అయితే ఎలుకలు వైరు కొరికాయేమో చూడటం మరిచిపోకండి.

7. సోలనాయిడ్

చిన్న టెర్మినల్‌కు కరెంటు వస్తోంది, టక్ మంటోంది, మోటారు తిరగదు. ఇప్పుడు సోలనాయిడ్ మీద ఉన్న రెండు లావు బోల్టుల మధ్య మీటరు పెట్టి తాళం తిప్పించండి. టక్ మన్నాక 0.3 వోల్టు లోపు పడిపోవాలి. పడకుండా 12 వోల్టులు అలాగే నిలబడితే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. రెండుమూడు వోల్టులు మిగిలితే సగం కాలాయి. పడిపోయినా మోటారు తిరగకపోతే తప్పు మోటారులోనే.

బ్యాటరీ, లావు వైర్లు బాగున్నా టకటక కొట్టుకుంటుంటే సోలనాయిడ్‌లో పట్టి ఉంచే కాయిల్ తెగి ఉండొచ్చు. ఇందులో రెండు కాయిళ్ళు ఉంటాయి, ఒకటి లాగడానికి, ఇంకోటి లాగిన చోట నిలపడానికి. రెండోది పోతే లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది.

తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే కాంటాక్టులు అతుక్కున్నాయి. టెన్షన్ పడకుండా స్టాపర్ లాగి, వెంటనే బ్యాటరీ వైరు తీయించండి. ఆలస్యమైతే మోటారు కాలిపోతుంది.

మోటారు బాడీ మీద చెక్కతో మెల్లగా తడితే తిరిగిందా? బ్రష్‌లు అరిగి ఆనడం లేదు. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయం మాత్రమే. సుత్తితో గట్టిగా కొట్టకండి, లోపల అయస్కాంతాలు ఉండే రకమైతే అవి పగులుతాయి.

8. తిరుగుతుంది కానీ ఇంజనును పట్టదు

పినియన్ ముందుకు వచ్చి, ఇంజను మాత్రం కదలకుండా గిర్రుమంటే దాని వెనక ఉన్న వన్‌వే క్లచ్ జారుతోంది. బెండిక్స్ మొత్తం మార్చడమే.

ఒక్కోసారి పట్టి, ఒక్కోసారి గరగరమంటే రింగు పళ్ళు ఒకచోట అరిగాయి. ఇంజను ఆగేటప్పుడు ప్రతిసారీ దాదాపు అవే స్థానాల్లో ఆగుతుంది. మూడు సిలిండర్ల ఇంజనులో మూడు చోట్ల, నాలుగింటిలో రెండు చోట్ల. అందుకే పళ్ళు ఆ చోట్లే అరుగుతాయి. మోటారు తీశాక ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజనును చేత్తో తిప్పుతూ రింగు మొత్తం చూడండి. పళ్ళు పోతే క్లచ్ వైపు విడదీసి రింగు మార్చాలి. అది వర్క్‌షాపు పని. కొత్త బెండిక్స్ వేసి పాత రింగు వదిలేస్తే కొత్త పళ్ళు కూడా త్వరగా పోతాయి.

9. మోటారు విప్పాల్సి వస్తే

ముందు ఇంజనును చేత్తో తిప్పి చూడండి. స్టాపర్ లాగి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి తిప్పితే కదలాలి. అసలు కదలకపోతే అది ఇంజను సమస్య. హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్లోకి నీరు చేరినా అలాగే బిగుసుకుంటుంది. అప్పుడు పదేపదే సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

నెగటివ్ వైరు తీయండి. వైర్లకు ఫోన్లో ఫొటో తీసుకోండి. మోటారు బరువుగా ఉంటుంది, చివరి బోల్టు విప్పేటప్పుడు కింద చెయ్యి పెట్టి ఉండండి.

మోటారు దించాక, దాని లోపలి భాగాలు విప్పే ముందు బల్ల మీద పరీక్ష: మోటారును వైసులో గట్టిగా బిగించి, జంపర్ వైర్లతో నెగటివ్ బాడీకి, పాజిటివ్ లావు బోల్టుకు ఇచ్చి, ఒక సన్న వైరుతో పాజిటివ్ నుంచి చిన్న టెర్మినల్‌ను తాకించండి. పినియన్ ముందుకు దూకి, చురుగ్గా తిరగాలి. ఐదు సెకన్లకు మించి వద్దు. బిగించకుండా చేస్తే చేతిలోంచి ఎగిరిపోతుంది.

లోపల చూడాల్సినవి:

- బ్రష్‌లు సగానికి పైగా అరిగితే అన్నీ ఒకేసారి మార్చండి. స్ప్రింగులు నీలంగా మారి ఉంటే అవీ మార్చాలి.
- కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) నల్లబడితే సన్నటి సాండ్ పేపరుతో రుద్దండి. ఎమెరీ గుడ్డ వద్దు, దాని రేణువులు కరెంటును పంపుతాయి, గీతల మధ్య ఇరుక్కుంటే షార్టే.
- ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) మీద రుద్దుకున్న మెరుపు మచ్చలు ఉంటే, దాని షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లు అరిగాయి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, మధ్యాహ్నం పనిలో వేడెక్కాక సెల్ఫ్ నీరసపడటానికి తరచూ కారణం ఇదే. కొత్త బుష్‌లను రాత్రంతా ఇంజను ఆయిల్లో నానబెట్టి వేయండి.
- బెండిక్స్ ఒకవైపు తేలిగ్గా తిరగాలి, ఇంకోవైపు పట్టేయాలి.

ఆర్మేచర్‌నూ బెండిక్స్‌నూ డీజిల్లో ముంచి కడిగే అలవాటు చాలాచోట్ల ఉంది. వద్దు. ఇన్సులేషన్ దెబ్బతింటుంది, క్లచ్ లోపల ఉన్న గ్రీజు కరిగిపోతుంది. పొడి బ్రష్‌తో, గాలితో శుభ్రం చేస్తే చాలు. ఆర్మేచర్ కాలిన వాసన వస్తే సెల్ఫ్, డైనమో పనిచేసే షాపులో పరీక్ష చేయించండి, ఇంట్లో తేలదు.

బిగించేటప్పుడు మోటారు ముఖం, హౌసింగ్ ముఖం రెండూ రంగు లేకుండా గీకండి. ఎర్త్ దొరికేది అక్కడి నుంచే. తర్వాత 5వ భాగంలోని రెండు కొలతలూ మళ్ళీ తీసుకోండి.

10. పొలంలో ఆగిపోతే

ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ ఇచ్చేటప్పుడు వరుస తప్పొద్దు:

1. ఎర్ర వైరు మీ బ్యాటరీ పాజిటివ్‌కు.
2. దాని రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కు.
3. నల్ల వైరు మంచి బ్యాటరీ నెగటివ్‌కు.
4. దాని రెండో చివర మీ బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆఖరి నిప్పురవ్వ అక్కడే పడుతుంది.

తీసేటప్పుడు సరిగ్గా వెనకనుంచి.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. క్లచ్ తొక్కి కొడితే గేర్‌బాక్సు భారం తగ్గుతుంది, చలి ఉదయాల్లో తేడా బాగా తెలుస్తుంది.

11. దమ్ము చేసే ట్రాక్టరుకు

కేజ్ వీల్స్ ఎగజిమ్మే బురద నీళ్ళు నేరుగా సెల్ఫ్ మీద పడతాయి. ఎండిన బురద పినియన్ షాఫ్ట్ మీద పేరుకుంటే బెండిక్స్ ముందుకు రాదు, వస్తే వెనక్కి పోదు.

- రోజూ పని అయ్యాక సెల్ఫ్ చుట్టూ బురద మెల్లగా కడగండి. ప్రెషర్ వాటరు నేరుగా మోటారు మీద, సోలనాయిడ్ మీద కొట్టవద్దు.
- బెల్ హౌసింగ్ కింద నీరు కారే రంధ్రం ఉంటే బురదతో మూసుకుపోకుండా తీగతో పొడవండి.
- సోలనాయిడ్ బోల్టుల మీది రబ్బరు తొడుగులు ఊడితే కొత్తవి వేయండి.
- దమ్ములు ముగిశాక ఒకసారి మోటారు దించి, పినియన్ షాఫ్ట్ తుడిచి, ఒకటి రెండు చుక్కల పల్చటి నూనె వేసి బిగించండి. గ్రీజు దట్టంగా పూస్తే దుమ్ము అంటుకుని మళ్ళీ పట్టేస్తుంది.
- నెలల తరబడి బండి నిలిపేస్తే బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచి, నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి.